ఎనిమిదిన్నర మీటర్ల పేగు

నాకు ముక్కు మీద కోపమని మా అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మంచినీళ్ళతో పాటు చెబుతుంది. నిజమే, కాదనను. కానీ ఆ కోపమంతా గడప లోపలే. బడిలో పై అధికారి ఎవరైనా ఎదురుపడితే అది ఎటు పోతుందో తెలీదు, పోతూ పోతూ నా నోట్లో మాటని కూడా పట్టుకుపోతుంది. పదకొండేళ్ళు ఆ బడిలోనే లాబ్ అసిస్టెంటుగా గాజు సీసాలు కడిగాను. కడుగుతూనే పరీక్షలు రాసి, నలభై రెండో ఏట జీవశాస్త్రం టీచరునయ్యాను. అయ్యాననడం కూడా తొందరే. ఏడాది పాటు ప్రొబేషను. ఆ లోపల ఇన్‌స్పెక్టరు నా పాఠం విని సరేనంటే టీచరుని, కాదంటే మళ్ళీ సీసాల దగ్గరికే.

మొదటిసారి ఆయన వచ్చినప్పుడు ఊపిరితిత్తుల పాఠం చెప్పాను. పిల్లల వైపు తిరిగితే వెనక బెంచీలో ఆయన కనబడతాడని, బోర్డు వైపే తిరిగి నాలుగు పేజీలూ ఒక్క కామా కూడా వదలకుండా అప్పజెప్పాను. మధ్యలో ఆయన లేచి వెళ్ళిపోయిన సంగతి నాకు గంట కొట్టాక తెలిసింది. ఫారం మీద రెండే వాక్యాలు రాశాడు. ఈమె పాఠాన్ని గోడకు చెప్పారు. ఇంకొక్క అవకాశం ఇవ్వవచ్చు. ఆయన ఎప్పుడూ ఎర్రసిరాతోనే రాస్తాడు, అందుకే చాటున అందరూ ఆయన్ని ఎర్రసిరా అనే అంటారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మా స్టాఫ్ రూములో ఒక్కరూ లేరు.

రెండో తనిఖీకి పెద్ద మేడం నాకు జీర్ణవ్యవస్థ పాఠం ఇచ్చింది. తొమ్మిదో తరగతి, ముప్పై ఆరుమంది పిల్లలు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఒక నిర్ణయానికొచ్చేశాను. నేను మాట్లాడితే కదా గొంతు ఎండిపోయేది. పాఠం పిల్లలే నడిపిస్తారు, నేను పక్కన నిలబడతాను. తరగతి గదినంతా ఒక మనిషి కడుపు చేసేస్తాను. నోరు తలుపు దగ్గర మొదలై, అటు చివర బయటికి పోయే దారి దాకా అన్నీ పిల్లలే. నాలో నేనే నవ్వుకుంటూ నడుస్తుంటే ఎదురొచ్చిన సైకిలువాడు బెదిరి పక్కకి తప్పుకున్నాడు.

మా ఆయన దర్జీ. ఆయన కొట్టు మా బడికి ఎదురుగా, రోడ్డుకి అవతల. చిన్నపేగు ఒకటి కావాలని అడిగితే, మిషను ఆపి, చెవి మీద సుద్దముక్క సర్దుకుని, ఎవరి కొలతలని అడిగాడు. మామూలు మనిషివే, కాకపోతే పిల్లల చేతికి అందేలా మోచెయ్యంత లావు ఉండాలన్నాను. చిన్నపేగు ఏడు మీటర్లు, దానికి అతికించి కాస్త వెడల్పుగా పెద్దపేగు మీటరున్నర. గులాబీ రంగు లైనింగు గుడ్డ తీశాడు. ముప్పై ఏళ్ళుగా చొక్కాలూ దిండు గలీబులూ కుట్టిన మనిషి, పేగు కుట్టమనే గిరాకీ ఇదే మొదటిసారి కదా, కళ్ళు మెరిశాయి. కుట్టు లోపలికి రావాలా, బయటికి రావాలా అని చాలాసేపు ఆలోచించాడు.

సగం కుట్టాక ఇంట్లో ఒకసారి పరీక్షించాం. వంటింట్లో ఒక కొస నేను పట్టుకుంటే, రెండో కొస పట్టుకుని మా అత్తయ్య వెనక్కి నడుస్తూ నడుస్తూ వీధి తలుపు దాటి మెట్ల మీదికి పోయింది. ఇంత పొడుగు పేగు నా కడుపులో ఉందా అని అక్కణ్ణుంచి అడిగింది. ఉందన్నాను. అయితే నీ వంట తిన్న రోజు పాపం దానికెంత చాకిరీ అంది. ఒళ్ళు మండింది కానీ, ఆ సమయంలో కొస వదిలెయ్యలేను. ఉడికించిన బంగాళదుంప ఒకటి లోపల వేసి నొక్కుకుంటూ పోతే అటు వైపు ఆవిడ చేతిలో పడింది. ఆ సాయంత్రమంతా ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసుకుని ఎంతో మర్యాదగా కూర్చుంది. పరీక్ష నెగ్గింది కదా అని మిగతా పని మా ఆయనకి వదిలేశాను.

బడిలో పాత్రలు పంచడం అంత సులువు కాలేదు. జీర్ణాశయానికి అయిదుగురు పోటీ పడ్డారు. కాలేయం కావాలని ఇద్దరు కొట్టుకోబోతే, ఆకుపచ్చ నీళ్ళ సీసా చేతికిచ్చి ఒకణ్ణి కాలేయాన్నీ, రెండోవాణ్ణి క్లోమాన్నీ చేశాను. తిండి విషయంలో ఏనాడూ కాదనని ఒక కుర్రాడు నోరు. పద్నాలుగుమంది తలా అరమీటరు చొప్పున చిన్నపేగు. ముగ్గురు పెద్దపేగు. గుడ్డలోంచి కారే నీటిని పళ్ళాల్లో పట్టేవాళ్ళు రక్తం. చివరికి ఒక్క పాత్ర మిగిలింది, దాని పేరు చెప్పగానే తరగతంతా బల్లల కిందికి దూరి నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగి క్లాసు లీడరు చెయ్యెత్తింది. రెండు జడలు, ఇస్త్రీ చెదరని బట్టలు, ప్రతి పరీక్షలోనూ మొదటి మార్కు.

"పాయువు నేనుంటాను టీచర్. ఎవరో ఒకరు ఆ పని చెయ్యకపోతే మిగతా ముప్పై అయిదుమంది పడ్డ కష్టమంతా లోపలే ఉండిపోతుంది" అంది.

ఆ తర్వాత ఆ పిల్ల ముందు ఎవరూ నవ్వలేదు. బకెట్టు కూడా తనే ఇంటి నుంచి తెచ్చుకుంటానంది.

తనిఖీ రోజు ఉదయం నేను బడికి పరిగెడుతుంటే మా ఆయన పేగు చేతిలో పెట్టాడు. చక్కగా చుట్టచుట్టి, తాడు కట్టి, కాగితంలో పొట్లం చేశాడు. ఫినిషింగ్ కూడా ఇచ్చానన్నాడు. ఇచ్చి ఉంటాడు, ఆయన పనిలో వంక పెట్టడానికి ఏముంటుంది అనుకుని సంచీలో వేసుకున్నాను.

బెంచీలు గోడలకి జరిపి, మధ్యలో బల్లలు వరసగా వేసి, పేగుని మెలికలు మెలికలుగా పరిచాం. తలుపు దగ్గర మొదలైన నోరు, తరగతి మొత్తం చుట్టి, వెనక బెంచీ దగ్గర లీడరు బకెట్టులో ముగిసింది. నేను వెయ్యి సంగతులు ఆలోచించాను గానీ ఒక్కటి మరిచిపోయాను. ఎర్రసిరా ఎప్పుడు వచ్చినా కూర్చునేది ఆ వెనక బెంచీలోనే. తెల్లచొక్కాతో వచ్చి, ఎవరినీ పలకరించకుండా, సరిగ్గా పాయువు పక్కన కూర్చుని ఫారం విప్పాడు. లీడరు లేచి నమస్కారం చేసి, బకెట్టు కొంచెం ఇటు జరిపి, మళ్ళీ గంభీరంగా కూర్చుంది.

 మొదలుపెట్టండి అనే ఒక్క మాట అనడానికి రెండుసార్లు దగ్గాను. అంతే, ఆ తర్వాత నా అవసరం ఎవరికీ లేకపోయింది.

నోరు అరటిపండ్లూ రొట్టెముక్కలూ గిన్నెలో వేసుకుని నలిపాడు. పక్కనున్న పిల్ల లాలాజలమని నీళ్ళు చిమ్మింది, అందులో సగం వాడి మొహానే పడింది. ముద్ద ఆహారవాహిక దాటి ప్లాస్టిక్ సంచీలో పడగానే జీర్ణాశయం అయిన ఇద్దరమ్మాయిలు నిమ్మరసం పోసి దాన్ని ఎంత ఉత్సాహంగా కుదిపారంటే, ఒకమ్మాయి జడ కూడా జీర్ణం కాబోయి తప్పించుకుంది. కాలేయం తన వంతు రాకముందే పైత్యరసం వదిలేశాడు. క్లోమం వాణ్ణి నెత్తిన మొట్టాడు. పద్నాలుగుమంది చిన్నపేగు ఒకరి తర్వాత ఒకరు నొక్కుతూ వదులుతూ ముద్దని తోశారు. గుడ్డలోంచి నీరు చెమ్మగా ఊరి కింద పళ్ళాల్లో చుక్కలు చుక్కలుగా పడింది. పనికొచ్చేదంతా మాకొచ్చేస్తోందని రక్తం కేకలు పెట్టింది. ఏ పిల్లా పిల్లాడూ పుస్తకం వైపు చూడలేదు. ఎంజైములంటే ఏమిటో, ఎందుకో, పక్కవాడికి చేతులు తిప్పుతూ చెబుతున్నారు. నాకు గాలిలో తేలుతున్నట్టుగా ఉంది.

రెండో ముద్ద, మూడో ముద్ద కూడా వెళ్ళాయి. పెద్దపేగు ఉబ్బింది. అటు చివర బకెట్టు మాత్రం ఖాళీగానే ఉంది. తొయ్యండని లీడరు చెప్పింది. తోశారు. గులాబీ గుడ్డ సొరకాయంత అయింది. పెద్దపేగు ముగ్గురూ కాళ్ళు బల్లకి తన్నిపెట్టి నొక్కారు, ఏమీ కదల్లేదు.

ఒకడు మలబద్ధకం అన్నాడు. నీరు ఎక్కువ లాగేసుకుంటే గట్టిపడుతుంది, అందుకే రావడం లేదు, ఇదంతా రక్తం చేసిన తప్పు అని వాదించాడు. రక్తానికి కోపమొచ్చింది. ఇంకో మగ్గు నీళ్ళు పై నుంచి పోశారు. ఉబ్బు ఇంకా పెరిగింది. అప్పుడు లీడరు వంగి, కొసని చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మలబద్ధకం కాదు టీచర్. దీనికసలు బయటికి దారే లేదు."

వెళ్ళి చూద్దును కదా, కొస రెండు మడతలు మడిచి, దాని మీద ఒకటి కాదు రెండు వరసల కుట్టు. దిండు గలీబు చివరలా ఎంతో అందంగా మూసేసి ఉంది.  లాగి చూశాను, పళ్ళతో కూడా ప్రయత్నించాను. మా ఆయన కుట్టు అది, గుడ్డ చిరుగుతుందేమో గానీ ఊడదు. పక్కనే ఎర్రసిరా కలం కదలడం వినిపించింది. పదకొండేళ్ళు కడిగిన సీసాలన్నీ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. ఒకమ్మాయిని రోడ్డు అవతలికి తరిమి ఆయన్ని కత్తెరతో సహా పట్టుకురమ్మన్నాను.

ఈ లోపల తరగతిలో వాదన ముదిరింది. దారి మూసుకుపోయాక పై నుంచి తోస్తే ఏమవుతుందని ఎవరో అడిగారు. కడుపు ఉబ్బుతుందని ఒకరు, నొప్పి వస్తుందని ఒకరు. జీర్ణాశయంలో ఒకమ్మాయి కాసేపు ఆలోచించి, ముందుకి పోలేనిది వెనక్కి వస్తుంది, అంటే వాంతి అని తేల్చింది. ఆ మాట పూర్తవుతుండగానే చిన్నపేగులో ఎవరిదో పట్టు జారింది. పెద్దపేగులో ఇరుక్కున్నది అక్కడే ఉండిపోగా, పైనున్న ముద్ద వచ్చిన దారినే వెనక్కి తన్నుకొచ్చి, సంచీ నింపి, నోటి ఒళ్ళో పడింది. నోరు తన బట్టల వైపు చూసుకుని, ఆ అమ్మాయి చెప్పింది నిజమేనన్నాడు. అయితే వెంటనే ఆపరేషన్ చెయ్యాలని లీడరు తీర్పు చెప్పింది.

మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో మా ఆయన వచ్చేసరికి ముప్పై ఆరుమంది డాక్టరు గారికి దారివ్వండని పక్కకి జరిగారు. నేను పళ్ళు నూరుతూ, చివర ఎందుకు మూశావని తగ్గు గొంతుతో అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. కొస మూయకుండా ఏ బట్ట గిరాకీకి ఇస్తాం, దారాలు వేలాడుతుంటే నా పేరేం కావాలన్నాడు. కోపంతో నా చెవులు వేడెక్కిపోయాయి గానీ, ఆయన మొహంలో ఎంత అమాయకత్వం ఉందంటే తిట్టడానికి కూడా చోటు దొరకలేదు. కుట్టు విప్పడానికి పది నిమిషాలిమ్మని బతిమాలాడు. ఆయన కుట్టు ఆయనే కత్తిరించుకోవాలంటే మనసొప్పకపోవడం సహజమే కదా.

"రోగికి అంత టైము లేదండీ" అంది లీడరు.

ఆయన కళ్ళు మూసుకుని కత్తిరించాడు. ఒక్కసారిగా లోపలున్నదంతా బకెట్టుని దాటుకుని ఎగిరింది. దానిలో ముప్పాతిక వంతు ఎర్రసిరా తెల్లచొక్కా మీద, కాలరు నుంచి బొత్తాల దాకా పడింది.

 ఎర్రసిరా తల వంచి చొక్కా చూసుకున్నాడు. జేబురుమాలు తీసి ముందు ఫారం తుడిచి, ఆ తర్వాత గడ్డం తుడుచుకున్నాడు. తర్వాత లీడరు వైపు తిరిగి, తన మీద పడినదేమిటని అడిగాడు. ఆ పిల్ల లేచి నిలబడి, జీర్ణం కాని పీచు పదార్థం, కొంత నీరు, రంగు కాలేయం వల్ల వచ్చింది సర్ అని ఎక్కడా తడబడకుండా చెప్పింది. చొక్కా మీద ఆకుపచ్చ చుక్కల వంక చూసి, కరెక్టేనన్నట్టు ఆయన తలాడించాడు.

ఎక్కడో ఒక ముక్కులోంచి నవ్వు జారింది. అంతే, ఇక ఎవరి వల్లా కాలేదు. పద్నాలుగుమంది చిన్నపేగు ఒకరి మీద ఒకరు పడ్డారు. కాలేయం, క్లోమం కౌగిలించుకున్నారు. నేను ఆపాల్సినదాన్ని, ఆపుదామనే నోరు తెరిచాను, తెరిచిన నోట్లోంచి నవ్వే వచ్చింది. కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఉద్యోగం పోతోందని తెలుసు, అయినా ఆగలేదు. ఎర్రసిరా ఒక్కడే నవ్వలేదు. తల వంచుకుని రాసుకుంటూ పోయాడు.

అందరూ కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఫారం నా వైపు తిప్పాడు. ఎర్రటి అక్షరాలు కనిపించాయి. అడ్డంకిని ముందుగానే ఏర్పాటు చేసి, కారణాన్నీ ఫలితాన్నీ పిల్లల చేతే కనిపెట్టించారు, అద్భుతమైన ప్రణాళిక అని రాసి ఉంది. రెండుసార్లు చదువుకున్నాను. నా జన్మలో నా గురించి అంత గొప్ప మాట ఎవరూ రాయలేదు. సంతకం పెట్టే చోట కలం ఆపి, ఆయన తలెత్తాడు.

"కొస మూయడం మీరు అనుకుని చేసిందే కదా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన ముందుకొచ్చాడు. మెడలో టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అన్నాడు.

"అవునండీ. తనే చెప్పి మూయించింది. నేనే మొదట వద్దన్నాను."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు. నాకోసం, అదీ అంత చేతకానితనంగా చెప్పేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక నేను ఊ అంటే చాలు. ఊ అనాలనే ఉంది, నాకు ఆ ఉద్యోగం మీద ఎంత ఆశో చెప్పలేను. కానీ ముప్పై ఆరుమంది నా మొహంలోకే చూస్తున్నారు. ఇంతసేపూ నిజం కోసం వాదించుకుని, తన్నుకుని, వాంతి దాకా వెళ్ళిన పిల్లలు. ఆ కుట్టు చూడగానే నా మొహం ఎలా పాలిపోయిందో దగ్గరుండి చూసినవాళ్ళు. వాళ్ళకి తెలుసు. నాకు తెలీకుండానే మాట బయటికొచ్చింది, అదీ గట్టిగా.

"లేదండీ. ఆయన అలవాటు కొద్దీ మూసేశాడు. నేను విప్పి చూసుకోలేదు. చూసుకోవాల్సింది. ఇది పొరపాటే, ప్రణాళిక కాదు. వాంతి సంగతి ఆ అమ్మాయి చెప్పేదాకా నాకూ తట్టలేదు."

 ఎర్రసిరా కలం నా చేతికిచ్చి, దిద్దుబాటు మీది కాబట్టి ఆ వాక్యం మీరే కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, అది రూలు అన్నాడు. ఆ అద్భుతమైన మాట మీద నా చేత్తోనే గీత గీశాను. గీత వంకరగా వచ్చింది. కలం తిరిగి ఇచ్చేసి, ఇక అయిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. విచిత్రంగా భయం వెయ్యలేదు, బరువు దిగినట్టే అనిపించింది.

ఆయన దాని కింద ఏదో రాసి సంతకం పెట్టాడు. నాకు కళ్ళు మసకబారి అక్షరాలు కనబడడం లేదని గమనించాడేమో, ఫారం లీడరు చేతికిచ్చి చదవమన్నాడు. ఆ పిల్ల తడిచేతులు గౌనుకి తుడుచుకుని, నిటారుగా నిలబడి, తరగతి మొత్తానికీ వినబడేలా చదివింది.

"ఇకపై తనిఖీ అవసరం లేదు. ఈమె చెప్పే మాట పిల్లలు నమ్మవచ్చు."

నేను దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూలబడి, ముప్పై ఆరుమంది ముందూ, కట్టుకున్నవాడి ముందూ, సిగ్గు లేకుండా ఏడుస్తూ నవ్వాను.